నోటి దాకా రాని చెయ్యి

విరిగిన ఎముక అతుకుతుంది. అతికిన తర్వాత ఆ చెయ్యి వంగుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఈ రెండూ ఒకటే అనుకునే ఇంట్లో పుట్టాను నేను.

మాది ఎల్లారెడ్డి. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. హైదరాబాదులో ఆడపిల్లల కాలేజీలో చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. అటక మీది చింతపండు కుండ దించబోయి, నిచ్చెన జారి మా వదిన కింద పడింది. కుడి మోచెయ్యి విరిగింది. ఊళ్లో విరిగిన బొక్కలు కట్టే ముసలాయన వచ్చి, తడిమి చూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి చెయ్యి చాపి కట్టాడు. ఎముక చక్కగానే అతికింది. ఆయన పనితనాన్ని తప్పు పట్టను, పట్టవలసిన వాళ్లు నాకు ఇంట్లోనే ఉన్నారు. కట్టు విప్పేసరికి చెయ్యి కట్టెలా బిగుసుకుపోయి ఉంది. గోరువెచ్చని నూనె రాసి, రోజూ కొద్దికొద్దిగా వంచమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. మొదటిసారి వంచబోగానే వదిన కళ్ల నీళ్లు పెట్టుకుంది. అంతే, మా అమ్మ నూనె గిన్నె తీసి లోపల పెట్టేసింది.

నేను మా అన్నతో పోట్లాడి పోట్లాడి అందరినీ కామారెడ్డి దవాఖానాకు బయలుదేరదీశాను. పెట్రోలు దొరకక వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచాం. బస్సులో కూర్చున్నంతసేపూ వదిన ఆ చేతిని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది, ఎవరో పట్టుకోమని ఇచ్చిపోయిన వస్తువులాగా.

డాక్టరు చెయ్యి చూసి, ఇంట్లో ఏమేం పనులు చేస్తుందని అడిగాడు. మా అమ్మకు అంతకంటే గర్వంగా చెప్పుకోదగిన సంగతి లేదు.

"పుల్ల గూడ ముట్టనియ్య సాబ్, నా కోడల్ని. బాలింత లెక్క చూసుకుంటున్న."

అదే జబ్బు అన్నాడాయన. వేడినీళ్లలో చెయ్యి నాననిచ్చి, వంగినంత వంచి, నొప్పి తెలిశాక ఇంకొంచెం వంచమన్నాడు. బియ్యం చెరగమన్నాడు, ఊడ్వమన్నాడు, చిన్న విసుర్రాయి తిప్పమన్నాడు. ముఖ్యంగా ఆ చేత్తోనే అన్నం తినడానికి ప్రయత్నించమన్నాడు. ఇప్పుడు వదిలేస్తే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని కూడా అన్నాడు. సీసాలో మందు లేదు, పూతకు ఏమీ ఇవ్వలేదు.

మందివ్వని వాడు డాక్టరెట్లయితడని అమ్మ దారి పొడుగునా సణిగింది. ఇల్లు చేరాక అసలు బాధ బయటపెట్టింది.

"రేపు ఊరేమంటది? చెయ్యిరిగిన కోడలితోని ఇసుర్రాయి తిప్పిచ్చిందంటది. నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"ఊరొచ్చి తినిపిస్తదా అవ్వా, ఆమెకు?" అని అమ్మను అడిగాను.

"ఊరెందుకు, నేను తినిపిస్త."

తినిపించింది కూడా. పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తల దువ్వింది, నీళ్లు పోసింది. చూడవచ్చిన ఆడవాళ్లంతా ఇట్లాంటి అత్త ఎక్కడా ఉండదని మెచ్చుకున్నారు. ఎవరైనా వస్తున్నారంటే ముద్ద ఇంకాస్త పెద్దదయ్యేది. నేను ఎవరితో వాదించినా గెలుస్తానని మా కాలేజీలో పేరు. మా ఇంట్లో ఆ పేరుకు గడ్డిపోచ విలువ లేదు.

సరే, నేనే చేయిస్తానని ఒక మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక నీళ్లు కాచి వదిన ముందు పెట్టాను. ఆమె చెయ్యి ముంచలేదు. పెళ్లై వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచిన మనిషి. గంగాళంలోంచి లేస్తున్న ఆవిరి చూస్తూ మెల్లగా అన్నది.

"ఓ పిల్లా, గీ ఇంట్ల నేను కూసోని తిన్నది ఇప్పుడే. ఇంకొన్ని దినాలు కూసోనియ్యి."

నీళ్లు చల్లారిపోయాయి. సెలవులు అయిపోయాయి.

మళ్లీ సెలవులకు వచ్చేసరికి చూడవచ్చే వాళ్లు లేరు, మెచ్చుకోళ్లూ లేవు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు పట్టుకుని, కింద కూర్చుంటే లేవలేకపోతోంది. తినిపించడం ఆగిపోయింది. వదిన చెయ్యి మాత్రం కట్టిన నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. నేను మళ్లీ గొడవ చేసి కామారెడ్డి తీసుకెళ్లాను. ఆ డాక్టరే. మోచెయ్యి పట్టుకుని వంచి చూశాడు, ఇంకోసారి చూశాడు, తర్వాత ఆ చేతిని తిరిగి ఆమె ఒళ్లో పెట్టాడు. కీలు బిగిసిపోయింది, బలవంతం చేస్తే మళ్లీ విరుగుతుంది అన్నాడు. పట్నం పెద్ద దవాఖానాలో కోసి చూడొచ్చు గానీ, బాగవుతుందని తాను మాటివ్వలేనన్నాడు. మా అన్న కోయడం అనే మాట వినగానే ఇంటికి పోదామని లేచి నిలబడ్డాడు.

మర్నాటి నుంచి వదిన పనిలో పడింది. చాచిన చెయ్యి చీపురుకు పనికొచ్చింది. బిందె మోసింది, విసుర్రాయి తిప్పింది, పేడ కళ్లాపి చల్లింది. ఇప్పుడు ఊరు ఏమీ అనలేదు, చెయ్యి బాగైపోయిందనుకున్నది. ఇంటి పనులన్నిటికీ ఆ చెయ్యి సరిపోయింది. ఒక్క ఆమె నోటికే అందలేదు.

ఎడమ చేత్తో తినేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే ఇల్లు కాదు మాది. అందరూ తిని లేచాక, వంటింటి మూల గోడవైపు తిరిగి తినేది. నేను కాలేజీకి తిరిగి వెళ్లే ముందు రోజు ఆమె పక్కకు వెళ్లి కూర్చున్నాను. కంచం నా వైపు లాక్కుని, అన్నం కలిపి, ముద్ద ఎత్తాను.

వదిన నా చేతిని కిందికి దించింది.

"వద్దు పిల్లా. మల్ల అలవాటు చెయ్యకు."

కంచం తన ముందుకు జరుపుకుని గోడవైపు తిరిగింది.