ఆరు మగ్గాల అమాస

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను మహబూబ్‌నగర్ నుంచి భువనగిరి క్షేత్ర కార్యాలయానికి బదిలీ చేశారు. భువనగిరి అప్పటికింకా జిల్లా కాలేదు, నల్గొండలోనే ఉండేది. నేను పనిచేసింది ఓ మోస్తరు స్వచ్ఛంద సంస్థలో. నా హోదా ఫీల్డ్ కోఆర్డినేటర్. పైన డైరెక్టర్ గారు, కింద ఊళ్లు, మధ్యలో నేనూ నా మోటారు సైకిలూ. కార్యాలయం అన్నది కొంచెం పెద్దమాటే. ఎరువుల దుకాణం మీద రెండు గదులు. యూరియా ప్రభావమో ఏమో, మా దగ్గర దోమలు కూడా ఏపుగా పెరిగేవి.

బదిలీకి కారణం నేను రాసిన ఒక కేస్ స్టడీ. డబ్బిచ్చే దాత సంస్థకు మా పని ఫలించిందని చూపడానికి ఎవరో ఒక లబ్ధిదారు కథ రాసి పంపుతాం, దాన్ని అలా అంటారు. నా కథలో ఒకే ఒక్క మేక అయిదు కుటుంబాల రాత మార్చేసింది. డైరెక్టర్ గారు రెండుసార్లు చదివి, మేకను పర్మనెంట్ చేసి నన్ను బదిలీ చేయడం సంస్థకు మంచిదన్నారు. అసలు మేక రెండో వారంలోనే పోయిందని ఆయనకు నేను ఈ రోజుకీ చెప్పలేదు.

భువనగిరిలో నాకు అప్పగించిన పని ఇది. గుట్ట మీది కోట కనిపించేంత దూరంలో ఒక నేత ఊరు ఉంది. అక్కడ మగ్గం మీద కూర్చునేది చాలావరకు మగవాళ్లు. నూలును మగ్గం దాకా తెచ్చేది ఆడవాళ్లు. కండెలు చుడతారు, రంగు పట్టకూడని చోట దారంతో బిగించి చిటికి కడతారు, రంగులో ముంచుతారు, అన్నిటికన్నా కష్టంగా ఆసు పోస్తారు. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు దిగేసిన చట్రం. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోగు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెడదామని ఓ రోజు పెన్నూ కాగితంతో కూర్చున్నాను. మధ్యాహ్నానికి నాకే కునుకు పట్టింది. లేచేసరికి ఆమె చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది. దీనికి యంత్రం వచ్చిన మాట నిజమే గానీ అది అందరి గడపా తొక్కలేదు.

ఇంత చేసినా కాగితాల మీద వాళ్లు నేతపనివాళ్లు కారు. గుర్తింపు కార్డు మగ్గం మీద కూర్చున్నవాడి పేర ఉంటుంది. నూలిచ్చే సావుకారి పుస్తకంలోనూ అతని పేరే. అతను పోతే, భార్యకు నేత ఎంత బాగా వచ్చినా ఆ ఇంటికి నూలు రాదు.

యాదమ్మకు అదే జరిగింది. నలభైకి అటూ ఇటూ వయసు. భర్త జ్వరంతో పోయాడు, మగ్గాన్ని మరిది తీసుకుపోయాడు, ఆమె వాళ్లింటికీ వీళ్లింటికీ ఆసు కూలికి తిరిగింది. నేను వెళ్లేనాటికి ఆమె కుడి భుజం ఎంతగా పట్టేసిందంటే తల దువ్వుకోవడానికి పక్కింటామెను పిలుచుకునేది. అలాంటివాళ్లు ఆరుగురు. వాళ్ల కోసం ఒక గోదాం కిరాయికి తీసుకుని, ఆరు గుంట మగ్గాలు వేయించి, ఏడాదికి సరిపడా నూలు సమకూర్చాలి. నిధులు పుణెలోని ఒక దాత సంస్థవి. గుంట మగ్గానికి నేల తవ్వాలి, కాళ్లు అందులో పెట్టి తొక్కాలి. మేం ఆరు గుంటలు తవ్వుతుంటే గోదాం యజమాని లంకెబిందెలేమైనా బయటపడతాయేమోనని మూడు రోజులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిధి పుణె నుంచి వస్తోందని చెప్పినా నమ్మలేదు.

మగ్గాలు నడిచాయి, ఆసు మాత్రం ఆరుగురూ వంతులేసుకుని పోసుకున్నారు. అయిదారు నెలల్లో యాదమ్మ తన తల తనే దువ్వుకుంటోంది. అయితే నిధి ఒక్క ఏడాదికే. రెండో ఏడు ఇవ్వాలా వద్దా అన్నది దాత సంస్థ అధికారి స్వయంగా వచ్చి చూసి రాసే నివేదిక మీద ఆధారపడుతుంది. మా భాషలో దాన్ని మానిటరింగ్ విజిట్ అంటారు. ఆ నివేదిక బాగా రాకపోతే గోదాం ఖాళీ చేయాలి, యాదమ్మ మళ్లీ ఆసు కూలికి పోవాలి. ఆమె ఈ మాట నాతో ఒక్కసారే అంది. ‘మల్ల ఆసు కాడికి పోవుడంటే, చెయ్యి తీసి ఆడ్నే వెట్టి వచ్చుడే సారూ.’

పుణె వాళ్లు తేదీ చెప్పమంటే ఒక గురువారం ఖాయం చేశాను. నా గోడకు కింది దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. దాని మీదే వాళ్ల ఉత్తరాన్ని గుండుసూదితో గుచ్చాను. ఆ ఉత్తరం కింద ఏ గడి ఉందో, ఆ గడిలో ఏ నల్లచుక్క ఉందో చూడలేదు. యాదమ్మకు ఫోన్ చేసి, గురువారం పొద్దున మేడం వస్తోంది, అందరూ ఉండాలన్నాను. ‘ఎందుకుండం సారూ, అందరం ఆడ్నే ఉంటం’ అంది. ఉన్నారు కూడా. ఆమె మాట తప్పలేదు.

వచ్చినావిడ పేరు దేశ్‌పాండే. మితభాషి, చేతిలో నోటుబుక్కు. తెలుగు రాదు. అడిగేది హిందీలో అడుగుతుంది, నేను తెలుగు చేయాలి, జవాబును మళ్లీ హిందీ చేయాలి. అంటే దుబాసీని నేనే. నాలాంటివాడికి అంతకుమించిన హోదా లేదు. దారిలో కారులో నా ధోరణిలో నేనున్నాను. మా ఆరు మగ్గాలు ఒక్కసారి మోగితే కోట మీద కోతులు చెవులు మూసుకుంటాయని చెప్పాను. ఆవిడ ‘అచ్ఛా’ అంది.

గోదాం ముందు కారు దిగాం. చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. లోపల ఆరు మగ్గాల మీద ఆరు పాత చీరలు కప్పి ఉన్నాయి. అయిదుగురు ఆడవాళ్లు తలకు నూనె పెట్టుకుని, పూలు పెట్టుకుని, చాపల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆరో ఆమె లచ్చవ్వ, అందరిలోకి పెద్దది, గోడవారన పడుకుని గురక పెడుతోంది.

యాదమ్మను పక్కకు పిలిచాను.

‘ఏందక్కా గిది? మగ్గాలు నడుస్తలెవ్వేంది?’

‘ఇయ్యాల అమాస గద సారూ.’

‘అమాసైతే?’

‘అమాసైతే అంటవేంది? మగ్గం మీద కూసోము. నీకెర్కలేదా?’

తెలియదు. మాది వ్యవసాయం ఇల్లు. ఊరు నేత ఊరని తెలుసు, అమావాస్య నాడు అక్కడ మగ్గం ఆడదని తెలియదు. ఆమెకైతే అది చెప్పవలసిన విషయంగానే తోచలేదు. తెల్లవారితే పొద్దు పొడుస్తుందని ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా?

‘జర పది నిమిషాలు కూసో అక్కా. నాడె నాలుగుసార్లు అటిటు కొట్టు. మేడం ఫోటో దిగి పోతది.’

‘నువ్వే కూసో సారూ. గుంతల కాళ్లు వెట్టు. ఫోటో మస్తుగొస్తది.’

వెనక్కి తిరిగేసరికి మేడం నోటుబుక్కు తెరిచి నిలబడి ఉంది. మగ్గాలెందుకు ఆగాయని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. కానీ నివేదికలో ‘లబ్ధిదారులు ఖాళీగా ఉన్నారు’ అన్న వాక్యం అప్పుడే నా కళ్లముందు టైపయిపోయింది. అందుకని, ఇది నూలుకు విశ్రాంతినిచ్చే రోజని చెప్పాను. గంజి పట్టిన పడుగు నెలకోసారి కుదుటపడాలని, ఆ రోజు చప్పుడు తగిలితే పోగు తెగుతుందని, అందుకే కార్మికులు కూడా మౌనం పాటిస్తారని చెప్పాను. సరిగ్గా అప్పుడే లచ్చవ్వ గురక మరో మెట్టెక్కింది. మేడం అటు చూసి, ఏదో రాసుకుంది.

ఆ రోజు ఏదన్నది ఎవరు నిర్ణయిస్తారని అడిగింది. గాలిలో తేమను బట్టి, ఒక పరికరం ద్వారా అన్నాను. ఏదీ ఆ పరికరం అంది. చెయ్యి దానంతటదే లేచి గోడకున్న కరెంటు మీటరు వైపు చూపించింది. ఆవిడ మీటరు దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసింది.

తర్వాత యాదమ్మను అడగమంది, ఇక్కడికి వచ్చాక ఆమె బతుకులో ఏం మారిందని. నేను అడిగాను. ‘భుజం నొప్పి తగ్గింది’ అని యాదమ్మ మూడు ముక్కల్లో చెప్పింది. నేను దాన్ని హిందీ చేయడం మొదలుపెట్టాక అందులోకి మహిళా సాధికారత వచ్చింది, రాబోయే తరాలు వచ్చాయి, మేకొక్కటే తక్కువ. మేడం చెయ్యెత్తి నన్ను ఆపింది. మూడు ముక్కలు హిందీలో ఇంత పొడవెలా అయ్యాయని అడిగి, యాదమ్మ వైపు తిరిగి నేరుగా, నీకు హిందీ వచ్చా అంది.

భర్త ఉన్నన్నాళ్లూ చీరల మూట ఎత్తుకుని హైదరాబాద్ దుకాణాల చుట్టూ తిరిగిన మనిషి యాదమ్మ. ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు.

‘ఆతీ మేడం’ అంది. ఆ వెంటనే నా వైపు ఒక్క చూపు చూసి, ‘సాబ్ ఝూట్ బోల్‌రై’ అంది. నాకు దుబాసీ అవసరం లేకుండానే అర్థమయింది.

ఇక ఆమె ఆగలేదు. హిందీ తడబడినచోట తెలుగు కలిపింది, నన్ను సాయమడగలేదు. ఆమె చెప్పింది ఇది. అమాస నాడు మగ్గానికి సెలవు. మగ్గం మీద కూర్చునేవాడికీ సెలవే. పొద్దెక్కేదాకా పడుకుంటాడు, తిని మళ్లీ పడుకుంటాడు. ఇంటామె మగ్గానికి పసుపు కుంకుమ పెడుతుంది, వండుతుంది, బట్టలుతుకుతుంది, తర్వాత రేపటి చీరకు ఆసు పోస్తుంది. ఎందుకంటే అమాస మగ్గానికే, ఆసుకు లేదు. ఇరవై ఏళ్లు ఆమె అలాగే పోసింది. గోదాంలోకి వచ్చిన మొదటి నెలలో లచ్చవ్వ అడిగిందట, ‘ఇప్పుడు మగ్గం మనదే గదనే, మరి అమాస గూడ మనదే గద?’ అని. ఆరుగురూ కూర్చుని ఆ మాట తేల్చుకున్నారు. అమాస నాడు మగ్గం లేదు, ఆసు లేదు, కండె లేదు.

మరి సెలవైతే ఇంట్లో ఉండక ఇక్కడికెందుకు వచ్చారని మేడం అడిగింది. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. యాదమ్మే జవాబు చెప్పింది.

‘ఇంటికాడుంటే ఉండనిస్తరా మేడం! ఊకె కూసున్న ఆడిది కనవడితె బియ్యం చెరుగుమంటరు, పిల్లను ఎత్తుకొమ్మంటరు. గీడికొస్తె పనికి పోయిందనుకుంటరు. అందుకే పొద్దుగాల్నే తయారై గీడికొచ్చి పంటం.’

నెలనెలా అమాస నాడు వాళ్లు ఆ గోదాముకు వస్తున్నది ఏ పనీ చేయకుండా ఉండడానికి. నేను అంతవరకు ఏ అమాస నాడూ అక్కడికి పోలేదు, పోయి ఉంటే తెలిసేది. ఈ సెలవుకు ఎవరి అనుమతి తీసుకున్నారని మేడం అడిగింది.

‘అనుమతి ఎవలిచ్చేదేంది? అమాస ఏమన్న మొగోళ్ల తాతల జాగీరా?’ అంది యాదమ్మ.

మా పథకానికి లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక ఒకటుంటుంది. ఏం సాధిస్తామో, సాధించినట్టు గుర్తు ఏమిటో అందులో గడులు గడులుగా రాయాలి. నాలుగో గడిలో ‘లబ్ధిదారులు సొంతంగా తీసుకున్న నిర్ణయాలు’ అని ఉంది. నెలల తరబడి ఏం రాయాలో తోచక నేను అక్కడ ‘కమిటీ ఏర్పాటైంది, ఏకగ్రీవంగా తీర్మానించింది’ అని నింపుతూ వచ్చాను. ఆ కమిటీ సభ్యులను ఎవరూ చూడలేదు, నాతో సహా. మేడం బ్యాగులోంచి ఆ పట్టిక తీసి, నా వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన చిన్న అక్షరాలతో నాలుగు వరుసలు రాసింది. చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది.

ఆ గలాటాకు లచ్చవ్వ లేచింది. కొత్త మనిషిని చూసింది, నన్ను చూసింది.

‘సుట్టం వచ్చింది గదా, చాయ్ గిట్ల తెచ్చినవా కొడుకా?’

‘మీరు పెట్టలేదా అవ్వా?’

‘ఇయ్యాల మాకు అమాస. నీకు గాదు గద.’

మోటారు సైకిలు ఊళ్లో లేదు, కారు డ్రైవరు భోజనానికి పోయాడు. బస్టాండు దాకా నడిచిపోయి ఎనిమిది చాయ్‌లు తెచ్చాను. ఆ పూట గోదాములో పనిచేసింది నేనొక్కడినే.

నెల తిరిగాక పుణె నుంచి ఉత్తరం వచ్చింది. నెలవారీ సమీక్షలో డైరెక్టర్ గారు అందరి ముందూ, ఒక్కో మాటా చప్పరిస్తూ చదివారు. రెండో ఏడాది నిధి మంజూరైంది, రెండు షరతులతో. తదుపరి సందర్శన కూడా అమావాస్య నాడే పెట్టాలి. దుబాసీని తామే తెచ్చుకుంటారు. అడుగున మేడం చేతిరాతతో ఒక వాక్యం ఉంది, కరెంటు మీటరు రీడింగు తన దగ్గర భద్రంగా ఉందని.

రెండో ఏడు ముగిశాక గోదాం యజమాని తన జాగా తాను తీసుకున్నాడు. లచ్చవ్వ చూపు మందగించి ఇంటికి పోయింది, ఒకామె కూతురి దగ్గరికి పోయింది. మిగిలిన నలుగురూ కలిసి ఒక రేకుల ఇల్లు కిరాయికి తీసుకుని మగ్గాలు అక్కడ దించారు. ఈ లోపు యాదమ్మకు తన పేరు మీద నేతకారు కార్డు వచ్చింది. అందులోని ఫోటో చూపించి, ‘చూడు సారూ, గుంతల కాళ్లు వెట్టకుండనే దిగిన’ అంది.

మొన్న యాభై రెండో ఏట, మోకాళ్లు మొరాయించడంతో ఆ ఉద్యోగం విడిచాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఏం తెలుసుకోవాలని అడిగితే నేను చెప్పేది కొంచెమే. పర్యటన తేదీ పెట్టేముందు ఆ ఊరివాళ్లనే తిథి అడగండి. దుబాసీగా ఉన్నప్పుడు మూడు ముక్కలను మూడు ముక్కలుగానే చెప్పండి. ఇది నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. ఎవరు ఎంత పని చేస్తున్నారని అడుగుతూ నేను చాలా ఫారాలు నింపాను. ఆ గురువారం తర్వాత, ఏ ఊరికి పోయినా మొదట సెలవు గురించి అడిగేవాణ్ని. సెలవు ఎవరికి ఉందో తెలిస్తే, ఆ రోజు పని ఎవరి మీద పడుతోందో మరొకరు చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.