మీటింగ్‌లో ఉన్న డాక్టరు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత సంగతేం కాదు, నేను తెల్లాపూర్‌లో కొత్తగా కాపురం పెట్టినప్పుడు, నాకు రెండు కుర్చీలుండేవి. ప్రభుత్వం ఇచ్చినది గంటన్నర దూరంలోని పల్లె దవాఖానలో ఖాళీగా ఉండేది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నేనొక్కణ్ణే డాక్టర్ని. రెండోది హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్లినిక్‌లో గిర్రున తిరిగే కుర్చీ. వారానికి మూడు రోజులు ఎవరికీ చెప్పకుండా అందులో కూర్చుని మెడనొప్పులు చూసేవాణ్ణి (సెలవు చీటీ రాయగానే సగం నొప్పులు తగ్గిపోయేవి). పల్లెలో ఎవరైనా నా కోసం వస్తే ఫార్మసిస్టు "సారు మీటింగ్‌కు పోయిండు" అనేవాడు. ఆ జవాబు నేర్పింది నేనే.

ఒకరోజు క్లినిక్‌లో నేల తుడిచే అక్క కర్ర గోడకానించి, "సారూ, జర ఒక మాట. మా బిడ్డకు ఎనిమిదో నెల. మొఖం ఉబ్బింది, తల పగిలిపోతుందంటుంది. దవాఖానకు రెండుసార్లు పోయొచ్చింది. ఆ డాక్టరు ఎప్పుడు జూసినా మీటింగ్‌లనే ఉంటడంట. అసొంటోళ్లకు జీతమెందుకిస్తరో!" అంది.

"చాలా తప్పు," అన్నాను గంభీరంగా (నిజంగానే అన్నాను). "ఏ ఊరక్కా?"

చెప్పింది. నా దవాఖాన ఉన్న ఊరే.

ఆ లక్షణాలు తల్లికీ కడుపులోని బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. వరండాలోకి పరుగెత్తి మా పల్లె దవాఖాన నర్సుకు ఫోన్ చేసి, అక్క కూతుర్ని పిలిపించి బీపీ చూడమన్నాను. కాసేపటికి తనే ఫోన్ చేసి, బాగా ఎక్కువగా ఉందంది. ఇవ్వాల్సిన ఇంజెక్షన్ చెప్పి, అంబులెన్స్ పిలవమని, అక్కను కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. దారంతా ఆమె నాకు దండాలు పెడుతూనే ఉంది. నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

దవాఖాన ముందు కారాగగానే ఫార్మసిస్టు బయటికొచ్చి, అక్కను చూసి అలవాటుగా, "సారు మీటింగ్‌కు పోయిండమ్మా," అన్నాడు. అప్పుడే రెండో తలుపు తీసుకుని నేను దిగాను. అతను నాలుక్కరుచుకుని, "నమస్తే సార్," అన్నాడు.

అక్క అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఏంది సారూ, ఆ డాక్టరు మీరేనా?"

"నేనేనక్కా."

"మిమ్మల్ని తర్వాత తిడత. ముందు నా బిడ్డను జూడుండ్రి."

అంబులెన్స్ వేరే కేసుకు పోయి ఇంకా రాలేదు; అది వచ్చేదాకా ఆ పిల్ల పక్కనుంచి కదల్లేదు. వచ్చాక నేనూ ఎక్కి పెద్దాసుపత్రిలో అప్పగించి వచ్చాను.

మర్నాడు పొద్దున అక్క ఫోన్. "ఆడపిల్ల సారూ. ఇద్దరూ మంచిగున్నరు."

అప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. బ్రష్షు నోట్లో ఉండగానే ఏడ్చేశాను. ఆఫీసు క్లినిక్ ఆ వారమే మానేశాను. అప్పటి నన్ను, ఆ కుర్ర డాక్టర్ని, తలుచుకుంటే నాలుగు తగిలించాలనిపిస్తుంది ఇప్పటికీ. కానీ అద్దంలో మూతినిండా నురగతో వెక్కి వెక్కి ఏడ్చిన ఆ మొహం గుర్తొచ్చి, చెయ్యెత్తలేక నవ్వేస్తాను.