రాజక్క అడవికి మేము పోసిన బూడిద

గని కార్మికులుండే మా లాల్‌పేట్ బస్తీలో, మా ఇంటికీ రాజక్క ఇంటికీ మధ్య ఆరేడు గుంటల ఖాళీ స్థలం ఉండేది. అందులో సర్కారు తుమ్మలు, పగిలిన సీసాలు, పొర్లాడే పందులు తప్ప ఏమీ ఉండేవి కావు. రాజక్క అక్కడ మూడు వానాకాలాలు ఏం చేసిందో, చివరికి ఏమైందో రాస్తున్నాను. అందులో నా చేయి కూడా ఉంది కనుక నేనే రాయాలి.

రాజక్కది రాజురా పట్నం అవతల పల్లె. వాళ్ళ నాలుగెకరాలు బొగ్గు గనిలో కలిసిపోయాయి. భూమికి బదులు భర్త సమ్మన్నకు గనిలో నౌకరీ వచ్చింది. ఇద్దరూ ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇంటి ముందు సిమెంటు గచ్చు, వెనక మోరీ. పాత నూనె డబ్బాలో కొత్తిమీర చల్లి, మొలిచిందా అని రోజుకు నాలుగుసార్లు వంగి చూసేది. "అంతగనం చూస్తే సిగ్గుపడి లోపల్నే ఉంటది" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ స్థలం రాజురాలో కిరాణా కొట్టు నడిపే ఎల్లన్న సేఠ్‌ది. లారీలు నిలపడానికి ఒకాయన దాన్ని కిరాయికి అడుగుతున్నాడని తెలిసి, రాజక్క మర్నాడే బస్సెక్కింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ ఏం మాట్లాడుకుంటారో తెలియకుండా ఇంట్లో కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

"మూడు వానకాలాలు నాకియ్యి సేఠ్. చెట్లు పెడ్త" అంది రాజక్క.

"చెట్లు పెట్టి ఏం జేస్తవ్?"

"తింట. నువ్వు గూడ వచ్చి తిను."

సేఠ్ నవ్వాడు. "సరే తీయ్. మూడో వానకాలం పోయినంక వచ్చి చూస్త. పచ్చగుంటే నేను బతికున్నన్ని రోజులు నువ్వే చేసుకో. లేకుంటే లారీలకే ఇస్త."

రాజక్క చెల్లెలి కూతురు శ్రీవాణి వ్యవసాయం చదువుతోంది. ఎలా మొదలుపెట్టాలో ఆ పిల్లే నేల మీద పుల్లతో గీసి చూపించింది. ఇది తోట కాదట, తిండి పెట్టే అడవట. అన్నిటికంటే పైన మామిడి, నేరేడు. వాటి కింద జామ, సీతాఫలం, కరివేపాకు. ఇంకా కింద మిరప, వంగ. నేల మీద పాకుతూ చిలగడదుంప, నేల లోపల పసుపు, అల్లం. చెట్ల మీదికి చిక్కుడు తీగ. ముందుగా మాత్రం మునగ, కంది, బొప్పాయి పెట్టాలట. అవి తొందరగా లేచి, నెమ్మదిగా పెరిగేవాటికి నీడ పడతాయట.

"మరి మునగకెవరు నీడ పడ్తరే?" అని అడిగాను.

"నువ్వు నిలబడు అత్తా. ఎట్లాగూ పొద్దుగాల్నుంచి ఇక్కడ్నే ఉంటవ్ గద" అంది శ్రీవాణి.

నేలను బోడిగా వదలకుండా ఆకులు, గడ్డి కప్పి ఉంచమని రాజక్కకు చెప్పి, ఆ పిల్ల ట్రైనింగ్ కోసం నాగపూర్ వెళ్ళిపోయింది.

మొదటి ఏడు బాగా నడిచింది. కందులు కాశాయి. రాజక్క ఇంటింటికీ గిన్నెడు పంచింది, సేఠ్‌కు కూడా పంపింది. ఎండాకాలం స్నానాల నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు మోసి మొక్కలను బతికించుకుంది. రెండో వానాకాలంలో మామిడి నడుము దాటింది గానీ ఆకులు కాస్త పాలిపోయాయి.

"బలం చాలట్లేదు వదినె" అంది నాతో. "మా అమ్మ పొయ్యిల బూడిద పోస్తే సొరకాయలు కడవలంత కాసేటివి."

ఆ మాటను ఎత్తుకున్నది నేనే. మా బస్తీలో గ్యాస్ ఉన్నా, చలికాలం నీళ్ళు కాగడానికి పొద్దున్నే ప్రతి వాకిట్లో బొగ్గుల సిగ్డీ, అదే ఇనుప కుంపటి, రాజుకుంటుంది. నలభై ఇళ్ళు తిరిగి, "బూడిద పారబొయ్యకున్రి, రాజక్క చెట్లకు తెండ్రి" అని చెప్పి వచ్చాను. దసరా మర్నాటి నుంచి ఆడవాళ్ళంతా డబ్బాలు పట్టుకుని వరస కట్టారు.

"మొగునికి చాయ్ గూడ పొయ్యలే, ముందు నీ మామిడికి పోద్దామని వచ్చిన" అనేది మూలింటి పల్లవి.

"నీ మొగుడు కాయలు కాస్తడా ఏంది?" అనేది రాజక్క.

బూడిద పోసి, అక్కడే కూర్చుని, ఊళ్ళో ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్ళం. రాజక్క తల్లి పొయ్యిలో కాలింది కట్టె, మా సిగ్డీల్లో కాలేది రాతిబొగ్గు. ఆ తేడా నలభై ఇళ్ళలో ఒక్కరికీ తోచలేదు. ముందు పసుపు ఆకుల అంచులు మాడాయి, తర్వాత బొప్పాయివి. ఇంకా ఆకలిగా ఉందేమో అనుకుని మరింత పోశాం.

మూడో వానాకాలం మొదట్లో శ్రీవాణి వచ్చింది. గునపం వేస్తే నేల పెచ్చులుగా లేచింది. వాన నీళ్ళు లోపలికి ఇంకకుండా పక్కకు జారిపోతున్నాయి.

"హే కాయ్ పెద్దమ్మా, ఏందిది! ఏం పోసిన్రు?"

"సిగ్డీల బూడిద" అంది రాజక్క.

"ఎన్ని రోజులు?"

"దసరా నుంచి ఎండకాలం దాక. రోజూ."

శ్రీవాణి గునపం పక్కన పెట్టి కూర్చుండిపోయింది. "కట్టెల బూడిదనే పిడికెడు కంటే ఎక్కువ వెయ్యొద్దు పెద్దమ్మా. గిది బొగ్గుది. వేర్లను కాల్చేసింది."

"తీసేస్తే?"

"పైది తీస్తవ్. ఇన్ని రోజులు పోసిన నీళ్ళకు లోపలికి దిగింది ఎట్ల తీస్తవ్? పెంటెరువు పోసి, జనుము చల్లి దున్నుకుంట పోతే, నాలుగేండ్లకేమన్న బాగైతదేమో."

రాజక్కకు మిగిలింది నాలుగు నెలలు. ఆమె, డ్యూటీ దిగి వచ్చిన సమ్మన్న, నేను, ముగ్గురం పారలతో పై పొర గీకి తట్టల్లో ఎత్తిపోశాం. సంగతి తెలిశాక ఆడవాళ్ళు ఆ వైపు రావడం మానేశారు. ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళు. శ్రావణంలో మామిడి ఎండింది, భాద్రపదంలో నేరేడు.

దసరా పోయాక ఎల్లన్న సేఠ్ వచ్చాడు. ఒక మునగ చెట్టు, సగం ఎండిన జామ తప్ప మిగిలినవన్నీ పుల్లలే.

"ఏమైంది రాజక్కా? మొదటేడు మంచిగుండె గద! ఎవరన్న ఏమన్న చేసిన్రా? చెప్పు, ఇంకో ఏడాది చూస్త."

నేను నోరు తెరిచాను. రాజక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గుమ్మాల్లో ఆడవాళ్ళంతా నిలబడి వింటున్నారు.

"ఎవ్వరేం చెయ్యలె సేఠ్. నాకే చేతగాలె."

ఆయన ఎండిన మామిడి కొమ్మ ఒకటి విరిచి చూసి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏడాది ఇస్తనన్నడు గదనే! నిజం చెప్తే నోరు పడిపోతుండెనా?"

"ఏడాదిల ఆ నేల బాగైతదా వదినె? మల్ల వచ్చే దసరకు జాగ పోనే పోతది. ఇయ్యాల గీళ్ళందరి ముందట చెప్తే, మనుషులు గూడ పోతరు."

పది రోజుల్లో లారీలు వచ్చాయి. మొదటిరోజే ఒక లారీ వెనక్కి వస్తూ మునగను విరిచేసింది. ఆకు పచ్చగానే ఉంది. ఆడవాళ్ళు వచ్చి కోసుకున్నారు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి, తలా ఒక ఆకు కట్టతో రాజక్క గడప ముందుకు వచ్చారు. పల్లవి ఒక కట్ట ముందుకు చాచింది. "తీసుకో అక్కా. పప్పుల వెయ్యి."

"నాకొద్దు. మీరు గూడ తినకుండ్రి" అంది రాజక్క మెల్లగా. "ఆ మట్టిలకెల్లి దాంట్లకు ఏమేం ఎక్కిందో. పిల్లలున్న ఇండ్లు."

కట్టలు గడప పక్కన పెట్టి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రాజక్క లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. సాయంత్రానికి ఆ ఆకంతా వాడిపోయి, లారీల దుమ్ము కప్పుకుని అక్కడే పడి ఉంది.