మందు కొట్టిన తోటకు వేపమండ

పోయిన శుక్రవారం మా చిన్నాయన చనిపోయాడు. ఊపిరాడక చాన్నాళ్లుగా మంచం మీదే ఉన్నాడు. ఆయన కొట్టిన పురుగుమందులే ఆయన ప్రాణం తీశాయని ఏ డాక్టరూ చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పను. కానీ పాడె లేవకముందే ఒకాయన నా పక్కన నిలబడి, "ఊరందరి తోటలకూ మందు కొట్టినోడే, ఊరందరికీ నీతులు చెప్పినాడు" అని నవ్వాడు. చావింట్లో కదా అని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. కుందుర్పి చుట్టుపక్కల బోరు నీళ్లున్న టమోటా తోటల్లో వీపున మందు పంపు మోసి బతికాడు. నాకు పని నేర్పింది ఆయనే. నేను బడికి పోయింది తక్కువ. బస్సు బోర్డులు, బొరుగులు చుట్టిచ్చిన కాగితాలు చదువుతూ అక్షరాలు పట్టుకున్నాను. ఆయనకు అదీ లేదు. మందు డబ్బా నా ముందు పెట్టి, "చదువప్పా, ఎన్ని రోజులు ఆగమంటాండాడు?" అనేవాడు. మందు కొట్టాక ఎన్నాళ్లు కాయ కోయకూడదో డబ్బా మీదే రాసి ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. కోసేవాడూ తినేవాడూ చదవకూడదనే అంత సన్నగా అచ్చేస్తారని నా అనుమానం.

ఒకసారి మందు తడి ఆరకముందే కోతకు దిగిన ఆడవాళ్లకు చేతులు మండి, కళ్లు తిరిగాయి. ఆ తరువాత నుంచి మందు కొట్టిన ప్రతి తోటకూ, దారిలో ఉన్న గుంజకు చిన్నాయన వేపమండ కట్టేవాడు. అమ్మవారు పోసిన ఇంటి వాకిట్లో మండ కనబడితే మనం గడప తొక్కం కదా, అదే లెక్క. నేను చదివి చెప్పిన రోజులు గడిస్తేనే విప్పేవాడు. "బోర్డు పెడితే ఎవరు చదువుతారు? మండైతే మేకలు కాసేటోనికీ తెలుస్తాది" అనేవాడు.

ఇంట్లోనూ అంతే. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఎండాకాలంలో కూడా టమోటాలను ఒక్కొక్కటే నీళ్లు పోసి రుద్ది కడిగేవాడు. మా చిన్నమ్మ బిందె పట్టుకుని అరిచేది: "తాగనీకే నీళ్లు లేవు, టమోటాలకు స్నానమా?"

"నాకు పోసే నీళ్లు దానికి పొయ్యి. నేను ఈ పొద్దు మురికిగానే ఉంటా."

"నువ్వెప్పుడు శుభ్రంగా ఉండావు గనక!"

బోర్లు ఒకటొకటే ఎండుతున్న ఏడాది టమోటాకు మంచి ధర వచ్చింది. చిన్నాయన ముందురోజు మందు కొట్టిన తోటలోనే యజమాని తెల్లారి కోత పెట్టాడు. మండీకి పోయే టెంపో వచ్చి నిలబడింది. ఆడవాళ్లు గంపలతో వచ్చి మండ చూసి ఆగిపోయారు.

"ఏమ్మా నిలబడినారు? దిగండి" అన్నాడు యజమాని.

"మండ ఉండాది కదన్నా."

"వాడు కట్టినాడు, అమ్మవారు కట్టలేదు. తోట నాది."

గట్టు మీద కూర్చున్న చిన్నాయన బీడీ ఆర్పి లేచాడు. "తోట నీదేనన్నా. తినేటోళ్ల కడుపులు నీవి కాదు."

"కడుక్కుంటే పోతాదిలే!"

"పైది కొంచెం పోతాది. లోపలికి దిగిండేది యాడికి పోతాది? మీ ఇంటి పప్పులోకి ఈ చెట్ల కాయలే కోసుకోని పోన్నా. నేనే మండ ఇప్పుతా."

యజమాని గుంజ దగ్గరికి నడిచాడు. ఆయన ఇంటికి కాయలు గట్టు పక్కన మందు కొట్టని నాలుగు చెట్ల నుంచి పోతాయని అక్కడున్న అందరికీ తెలుసు. కోపంగా మండ పీకి కాలువలో విసిరాడు. "ఇప్పుడు దిగండి!"

ఎవరూ కదల్లేదు. అందరిలో పెద్దామె, "మండ తీసినావు సరేన్నా, మందు తీసినావా?" అంది.

టెంపో ఖాళీగా పోయింది. ఎండే బోరు కింద పండిన పంట, ధర ఉన్నప్పుడు కోయలేకపోతే ఎట్లుంటుందో నాకు తెలియక కాదు. ఆ నష్టం ఊరివాళ్ల కంచాల్లోకి వంచుతానంటే మాత్రం ఒప్పుకోను.

ఆ కారు పంట అయిపోయేదాకా చిన్నాయనను ఎవరూ పనికి పిలవలేదు. గుంతకల్లుకు పోయి మూటలు మోసుకో అన్నారు. పోయాడు, మోశాడు. చివరికి యజమానులే కబురు పంపారు. మందు ఎప్పుడు కొట్టిందీ ఆయన నోటితో చెబితే తప్ప కోతకు దిగమని ఆడవాళ్లు మొండికేశారు మరి. ఆయన తిరిగొచ్చి, ఒక్కరినీ దెప్పకుండా, పంపు భుజానికెత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ నోరు లేదు. నిన్న అదే తోటకు కోతకు పోయాం. గుంజకు ఏమీ కట్టి లేదు. చిన్నాయన మంచాన పడ్డాక వేరే మనిషితో కొట్టిస్తున్నాడు యజమాని; మొన్నటిదాకా మంచం మీద నుంచే చిన్నాయన ఆ మనిషిని అడిగి మాకు చెప్పేవాడు.

"మందెప్పుడు కొట్టినారన్నా?" అని అడిగింది పెద్దామె.

"చాన్నాళ్లయిందిలే. ఆయప్ప పోయినాడు, ఆయప్పతోనే ఆ పిచ్చీ పోనీండి."

ఆకుల మీద మందు తెల్లటి మరకలు ఇంకా తాజాగా ఉన్నాయి. నేను నోరు తెరవబోయాను. అంతలోనే పెద్దామె తలమీది గంప దించి, బోర్లించి, దాని మీద కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన మరొకామె. ఒకామె కొంగుముడి విప్పి అందరికీ ఆకూవక్కా పంచింది. ఎండ ఎక్కింది. గట్టు పొడవునా బోర్లించిన గంపలు, వాటి మీద ఆడవాళ్లు. వాళ్ల ముందు తోటంతా ఎర్రగా పండి ఉంది, లోపల ఒక్క మనిషి లేడు.