నలభై డ్రమ్ముల సరుకు

ఫ్లోరెన్స్ ఇంట్లో విస్కీ అనే మాట పలకదు. ఫోన్‌లో కూడా "ఆ సరుకు" అంటుంది. మణుగూరు కాలనీ క్వార్టర్‌లో వంటింటి పక్క గదే ఆమె ఆఫీసు. అత్త సవరమ్మ చెవులకు అది మరీ దగ్గర.

భర్త జాషువా ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో, ఇప్పుడు ఆరేళ్లుగా ఈ గదిలో, ఆమె చేసేది ఒకే పని. విదేశాల నుంచి వచ్చిన సరుకు సుంకాల పట్టికలో ఏ శీర్షిక కిందికి వస్తుందో తేల్చి, కస్టమ్స్ వాళ్లకు పత్రం వేయడం. పత్రం కింద ఆమె కస్టమ్స్ కార్డు నంబరు పడుతుంది. రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారికి తెచ్చుకున్న కార్డు అది.

తండ్రి ఆంథోని బొగ్గు బాయిలో పనిచేసేవాడు. తాగి తాగి నలభై ఆరేళ్లకే పోయాడు. అందుకే ఇన్నేళ్లుగా మందు ఫైళ్లను ఆమె సగం కళ్లు మూసుకునే ముగించేది. ఇన్వాయిస్ విస్కీ అంటే విస్కీ, బ్రాందీ అంటే బ్రాందీ. అసలు అదేమిటని అడిగితే దాని దగ్గరికి పోయినట్టే అనిపించేది.

ఆ బుధవారం వచ్చిన ఫైలులో నలభై డ్రమ్ములున్నాయి. పేరు గ్రెయిన్ విస్కీ. బలం తొంభై నాలుగు శాతం, సీసా విస్కీకి రెండింతల పైనే. రంగు లేదు. చెక్క పీపాల్లో ఎన్నేళ్లు నిలవ ఉందో రాయాల్సిన గడి ఖాళీ. ఎప్పుడూ ఆగని చెయ్యి ఆ ఖాళీ గడి దగ్గర ఆగింది. హైదరాబాద్‌లోని కంపెనీ యజమాని మురళీకృష్ణకు ఫోన్ చేసింది.

"అంత ఆలోచన దేనికమ్మా? విస్కీ అని రాసి ఉంది, వేసెయ్. సరుకు తెప్పిస్తున్న పార్టీకి లైసెన్సు విస్కీకే ఉంది. వేరే పేరు పడ్డదంటే సరుకు రేవులనే కూసుంటది."

"బలం చూసిండ్రా సార్? నాకు అనుమానంగ ఉంది."

"నువ్వేమన్న తాగి చూసినవా? రేపు ఓడ వస్తున్నది. ఇయ్యాల సాయంత్రం అయిదింటికల్లా పడాలె."

ఫోన్ పెట్టేసి ఆమె మళ్లీ ఫైలు తెరిచింది. విస్కీ అని వేస్తే, రేపు ఎవరైనా డ్రమ్ము తెరిచి చూస్తే, కార్డు పోతుంది. వేయకపోతే ఉద్యోగమే పోతుంది. ఈ కాలనీలో కూర్చుని చేసుకునే ఇలాంటి పని ఇంకొకటి దొరకదు.

అప్పుడే పూలి వచ్చి వాకిట్లో గంప దించింది. పినపాక వైపు తండా ఆమెది. ఎండిన ఇప్పపువ్వు, చింతపండు అమ్ముకుంటుంది. ఒకప్పుడు సారా కాసేదని కాలనీ అంతటికీ తెలుసు. ఫ్లోరెన్స్ మెట్టు మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"పూలక్కా, ఇప్పసారా ఎన్నిసార్లు కాస్తరు?"

"ఎందుకమ్మా, ఎక్సైజోళ్లల్ల చేరినవా?"

"చెప్పక్కా. బలం ఎక్కువ కావాల్నంటే?"

"మళ్లీ మళ్లీ కాయాలె. ఓ ఏడాది మా బావ పంతం పట్టి నాలుగుసార్లు కాసిండు. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమన్నది. అంత బలం! ముసలోళ్లు నోట్లె పోసుకుని తుపుక్కున ఉమ్మిండ్రు. గిది ఇప్పసారా కాదురా, సూది మందు అన్నరు."

"ఇప్పపువ్వుతోనే కాసిండు కదా?"

"పువ్వుతోనే కాసిండు. కానీ అందుల పువ్వేది? వాసన పాయె, రుచి పాయె. ఇంకెక్కడి ఇప్పసారా?"

ఫ్లోరెన్స్ మెట్టు మీంచి లేచింది. పరీక్ష కోసం బట్టీ పట్టిన వాక్యం ఇప్పుడు అర్థమైంది. ధాన్యంతోనే చేసినా, ధాన్యపు వాసనా రుచీ లేకుండా శుద్ధి చేసిన స్పిరిట్‌కు శీర్షిక వేరు.

లోపలి నుంచి సవరమ్మ కేక వేసింది. "ఏంది, పొద్దుగాల్నే సారా ముచ్చట్లు? సిగ్గుండాలె!"

"ఉద్యోగం పనే అత్తమ్మా."

"గిదా నీ ఉద్యోగం? సబ్బులు, గాజుసామాన్లు అని చెప్తివి!"

ఆ తగువుకు ఇప్పుడు తీరిక లేదు. ఫ్లోరెన్స్ తలుపు వేసుకుని మళ్లీ ఫోన్ అందుకుంది.

"సార్, విస్కీ అని ఖాయంగ రాసి నా నంబరు వెయ్యను. ముందు శాంపిల్ తీసి చూడుమని కస్టమ్స్ వాళ్లను కోరుతూ వేస్తా. లాబ్ ఏమంటే అదే."

"నా పార్టీని నువ్వే పట్టిస్తవా?"

"అబద్ధం పడితే పార్టీతో పాటు మీరూ పోతరు సార్."

"పోతే నేను చూసుకుంట. నువ్వు వెయ్యకుంటే ఇంకోళ్లతోని వేయిస్త."

"వేయించుకోండ్రి. నా అనుమానం మాత్రం మెయిల్ పెడుతున్న."

ఆయన ఫోన్ కట్ చేశాడు. ఆమె మెయిల్ పంపింది. మూడు దాటింది, నాలుగు దాటింది. తెర మీద ఫైలు ఇంకా ఆమె పేరు మీదే ఉంది. నాలుగూ నలభైకి మెసేజ్ వచ్చింది. "నీ మెయిల్ ఉన్నంక ఇంకోళ్లతోని ఎట్ల వేయిస్త? శాంపిల్ అనే వెయ్యి." కార్డు నంబరు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టింది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఒక్క ఫైలూ రాలేదు. జాషువా షిఫ్టు నుంచి రాగానే ముందు ఆమె ముఖం చూసేవాడు. సవరమ్మ మాత్రం వినపడేలా ప్రార్థన చేసేది. కోడలికి ఆ పని పోవాలనో ఉండాలనో తేల్చుకోలేక, రెండూ ప్రభువుకే వదిలేసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మురళీకృష్ణ ఫోన్ చేశాడు.

"లాబ్ రిపోర్టు వచ్చింది. అది విస్కీ కాదు. ఉత్త స్పిరిట్."

"మన మీద కేసు పడ్డదా సార్?" ఫ్లోరెన్స్ అడిగింది.

"మనం ముందే అడిగినం కాబట్టి మన మీద కేసు లేదు. పార్టీ అయితే మనల్ని ఇడిసిపెట్టి ఇంకోళ్ల దగ్గరికి పోయింది." ఆయన కోపంగా ఉన్నాడో అలసిపోయాడో తెలియలేదు. "ఇంక మందు ఫైళ్లు నీకు పంపను. అడుగు ముందల పడనియ్యవు. సబ్బులు, గాజుసామాన్లు చూసుకో."

"సరే సార్."

తలుపు తీసేసరికి సవరమ్మ ఎదురుగానే నిలబడి ఉంది.

"ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?"

"ఉంది అత్తమ్మా. ఇగ నిజంగనే సబ్బులు."