మా బావ గీకేసిన డీజిల్

మా బావ స్టోఫెల్ లుబ్బె గురించి ఒక మంచి ముక్క చెప్పమంటే నేను కాసేపు ఆలోచించుకోవాలి. చెడ్డవైతే ఎన్నయినా ఉన్నాయి. ముప్పై ఏళ్లు మా ఊరు బ్యూఫోర్ట్ వెస్ట్‌లో ట్రాఫిక్ పోలీసుగా చేశాడు. మా అక్కతో పెళ్లి వారం రోజుల్లో ఉందనగా నా బండి ఆపి, వెనక లైటు వెలగడం లేదని చలానా రాసి చేతిలో పెట్టాడు.

"అదేంటి బావా, నేను పెళ్లికూతురి తమ్ముణ్ణి!" అన్నాను.

"చుట్టరికం చుట్టరికమే, లైటు లైటే" అన్నాడు.

ఆ రోజు మొదలైన వైరం ఇప్పటిదాకా చల్లారలేదు. నాదేమో డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. ఆయనకేమో డీజిల్ పేరు వింటేనే ఒళ్లు మంట. వాళ్ల నాన్న రైల్వేలో ఆవిరి ఇంజన్లకు బొగ్గు వేసేవాడు. డీజిల్ ఇంజన్లు రాగానే ఆయన్ను ఇంటికి పంపేశారు. ముసలాయన పార చేత్తో పట్టుకుని వరండాలో కూర్చుని, డీజిల్ బండి కూత వినబడ్డప్పుడల్లా ఉమ్మేసేవాడట. తండ్రి పోయినా ఆ ఉమ్మడం మాత్రం కొడుక్కి వచ్చింది. నేను భోజనానికి వెళ్తే ఇప్పటికీ పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాకే లోపలికి రానిస్తాడు. ఇది మాత్రం నేను తప్పు పట్టను. తండ్రి కడుపు మాడితే ఏ కొడుకు మరిచిపోతాడు? కానీ ఆ కోపం తెచ్చి నా మీద చూపించడమేమిటి?

ఇక మా అక్క హెస్టర్. స్కూలు హాస్టలు వంటింట్లో ఇరవై తొమ్మిదేళ్లుగా రోజూ తెల్లారకముందే రెండు వందలమందికి జావ కాస్తోంది. ఆమెకు ఏడాదంతా కలిపి మూడు వారాలే విశ్రాంతి. డిసెంబరులో, మా వేసవి సెలవుల్లో, సముద్రం ఒడ్డున, కారవాన్లు, అంటే కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్లు, నిలుపుకునే పార్కులో, నలభై ఒకటో నంబరు జాగా. మా నాన్న సంపాదించినది అది. ఆయన పోయాక అక్క పేరు మీదకి వచ్చింది. ముందు వరస, చెట్టు నీడ, మంచం మీంచే అలల చప్పుడు. అక్కడ అక్క గరిటె పట్టదు. మాంసం కాల్చేది నేను, గిన్నెలు కడిగేది బావ. "ఆ మూడు వారాలు లేకపోతే నేను ఎప్పుడో ఆ జావలో దూకి చచ్చేదాన్ని" అంటుంది.

అలాంటి ముందు వరస జాగాలు డబ్బిచ్చినా దొరకవు. తండ్రి నుంచి బిడ్డలకు వస్తాయి. ఒక్కటే షరతు. డిసెంబరు పన్నెండో తారీకు మధ్యాహ్నం పన్నెండింటికల్లా కారవాన్ తెచ్చి జాగాలో పెట్టాలి. లేకపోతే ఆ జాగా వరసలో ఉన్న తర్వాతివాళ్లకు పోతుంది, మళ్లీ రాదు. గేటు కూడా ఆ రోజుకు మూసేస్తారు. ఫోన్లు, బతిమాలుకోవడాలు చెల్లవు. ఈ షరతు పెట్టించిన మహానుభావుడు ఎవరనుకున్నారు? జాగాల కమిటీ పెద్ద, మా బావ. రెండేళ్ల కిందట అపింగ్టన్ నుంచి ఒక కుటుంబం దారిలో చక్రం ఊడిపోయి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఇల్లాలు గేటు పట్టుకుని ఏడ్చింది. ఈయన చేతి గడియారం చూపించి, "గడియారానికి చుట్టాలుండరమ్మా" అన్నాడు. ఆ మాట విని అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

సెప్టెంబరులో వాళ్ల పాత పెట్రోలు కారు గేరుపెట్టె విరిగింది. కారవాన్ చూస్తే పదహారు వందల కిలోలు. లాగడానికి పెద్ద బండి కావాలి. పాత కార్లు అమ్మేచోట ఒకే రకం తెల్లబళ్లు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పెట్రోలు, ఇంకోటి డీజిల్. అక్క నన్ను కూడా పిలిచింది. బావ ముఖం మాడ్చుకున్నాడు.

"ఈ చమురు చేతులవాడు ఎందుకిక్కడ?"

"నీ చేతికి చలానా పుస్తకం తప్ప స్పానరు తెలియదు కాబట్టి" అన్నాను.

రెండింటి బానెట్లూ ఎత్తి చూశాను. రెండూ బాగానే ఉన్నాయి. పెట్రోలుది చప్పుడే లేకుండా నడుస్తుంది, కానీ వెనక బరువు తగిలిస్తే కొండెక్కడానికి అరుస్తుంది, తాగుతుంది. డీజిల్‌కు కింది గేర్లలోనే లాగే సత్తువ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అది ట్రాక్టర్రా! ట్రాక్టరు చప్పుడు!" అని లేచాడు బావ. "పార్కులో పక్క జాగా బాసన్ నవ్వుతాడు. స్టోఫెల్ లుబ్బె డీజిల్‌కు దిగాడంటాడు."

"బాసన్ వచ్చి కారవాన్ లాగుతాడా?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో."

అక్క ఇద్దరినీ ఆపి అమ్మేవాణ్ణి ఒక్కటే అడిగింది. "సముద్రం దారిలో రాబిన్సన్ కనుమ ఎక్కేటప్పుడు మా ఆయన బూతులు తిట్టకుండా ఏది ఎక్కుతుంది?"

"డీజిల్ అమ్మా" అన్నాడతను.

"అదే ఇవ్వండి."

బావ పళ్లు నూరాడు గానీ కొన్నాడు. నవంబరులో వెనక కొక్కెం బిగించడానికి బండిని నా షెడ్డుకే పంపాల్సి వచ్చింది. అప్పుడు చూశాను. వెనక తలుపు మీద డీజిల్ అని తెలిపే అక్షరం పీకేసి ఉంది. ట్యాంకు మూత లోపల 'డీజిల్ మాత్రమే' అనే ఎర్ర స్టిక్కరు చాకుతో గీకేసి ఉంది. ఏం మనిషండీ! అప్పటికే బాసన్‌కు ఫోన్లో 'కొత్త బండి, పెట్రోలే' అని గొప్పలు పోయాడని అక్క చెప్పింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. అలాంటి స్టిక్కర్లు నా షెడ్డులో కట్టలుగా ఉన్నాయి. ఒకటి అంటించడానికి నాకు అరనిమిషం పట్టదు. అంటించలేదు. ఎప్పుడో ఒకరోజు తిక్క కుదురుతుందిలే అనుకుని, మూత మూసి బండి పంపేశాను.

పన్నెండో తారీకు వాళ్లు తెల్లారగానే బయల్దేరారు. నేను గుడారం, గాలాలు నా పాత డీజిల్ పికప్‌లో వేసుకుని గంట వెనక వెళ్తున్నాను. ఓట్స్‌హూర్న్ దాటి రాబిన్సన్ కనుమ సగం ఎక్కేసరికి రోడ్డు పక్కన తెల్లబండి, వెనక కారవాన్. బావ రోడ్డు మీద నిలబడి ఫోన్లో అరుస్తున్నాడు. అక్క ఒక రాయి మీద కూర్చుని ఉంది. టైము పదకొండుకు పది నిమిషాలు. అక్కణ్ణుంచి పార్కు ముప్పావు గంట.

"వాణ్ణి ఇవాళే పనిలోంచి తీసేయాలి!" అంటున్నాడు ఫోన్లో. "డీజిల్ బండిలో పెట్రోలు కొట్టాడు మీ పంపు దగ్గరి ఫ్లోరిస్! పాతికేళ్ల నుంచి వస్తున్న మనిషిని నేను!"

నాకు సంగతి అర్థమైపోయింది. తాళం తిప్పి చూడబోతే, "తిప్పకు, చాలాసేపు దగ్గి ఆగిపోయింది" అంది అక్క. లేచి వెళ్లి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అయ్యా, నేను ఆయన భార్యను. నేను బండిలోనే ఉన్నాను. ఫ్లోరిస్ తప్పేం లేదు. 'పెద్దయ్యా, ఇది డీజిల్ చప్పుడులా ఉందే' అని రెండుసార్లు అడిగాడు. మూత తీసి కూడా చూశాడు, అక్కడ ఏమీ రాసి లేదు. ఈయన 'నా బండి గురించి నాకే చెబుతావా, ఎప్పటిలాగే తొంభై ఐదు నంబరు పెట్రోలు, ఫుల్ చెయ్' అన్నాడు. నేను మోచేత్తో పొడిచాను కూడా. అతన్ని ఏమీ అనకండి." ఫోను కట్టేసి ఆయన జేబులో పెట్టింది.

"పక్క పంపు దగ్గర బాసన్ ఉన్నాడు హెస్టర్" అన్నాడు బావ. ఆ మాట అంటుంటే గొంతు చిన్నదైపోయింది. "వాడు వింటున్నాడు. నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఆపుదామనుకునేలోపే..."

"బాసన్ విన్నాడు సరే. నేను ఏం విన్నానో తెలుసా? ఆ ఒక్క మాటతో నా జాగా పోయిందని విన్నాను."

"పార్కుకు ఫోను చేసి చెబుతాను."

"ఏం చెబుతావు? గడియారానికి చుట్టాలుండరని నువ్వేగా అన్నావు."

ఫోను కోసం జేబులోకి వెళ్లిన ఆయన చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. ముప్పై ఏళ్లలో మా బావ తన రూలుకు తానే దొరకడం అదే మొదటిసారి. నాకెంత సంబరం! ఆ సంబరంలోనే నోరు జారాను.

"చూశావా బావా! కొక్కెం బిగించేరోజే చూశాను ఆ స్టిక్కరు గీకేసిన గీతలు. ఇలా అవుతుందని నాకు అప్పుడే తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇలాగే ఉంటుంది!"

అక్క నా వైపు తిరిగింది.

"తెలుసా నీకు?"

నేను కారవాన్ చక్రం వైపు చూశాను.

"నీ షెడ్డులో అవి ఉన్నాయిగా, సారెల్? కట్టలు కట్టలు?"

"ఉన్నాయక్కా. కానీ తప్పు ఆయనది కదా..."

"ఆయన పరువు కోసం గీకాడు. నువ్వు పంతం కోసం ఊరుకున్నావు. మధ్యలో నా మూడు వారాలు." చేతిసంచీ భుజానికి బిగించుకుంది. "కొక్కెం విప్పండి. ఇద్దరూ."

ఇద్దరం విప్పాం. నేను నా పికప్‌ను వెనక్కి పెట్టాను, బావ కారవాన్ ముక్కు పట్టుకుని నిలబెట్టాడు. జీవితంలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కొక్కెం పడింది, గొలుసు బిగించాను, లైట్ల వైరు తగిలించాను. బావ అలవాటుకొద్దీ వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూశాడు. వెలుగుతున్నాయి. నేను తలుపు తీయబోతే అక్క చెయ్యి చాపింది.

"తాళాలు."

"నేను నడుపుతానక్కా. కనుమ దిగుడు, వెనక అంత బరువు..."

"నీకంటే ముందు నాన్న ట్రాక్టరుకు గొర్రెల ట్రాలీ కట్టి నడిపింది నేనురా. తాళాలివ్వు."

ఇచ్చాను. బావ అవతలి తలుపు దగ్గరికి వెళ్లాడు. అక్క లోపల్నుంచి గడియ వేసుకుని, అద్దం కొంచెం దించింది.

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి. బండిని ఒంటరిగా వదిలేస్తారా? లాగుడు బండి సాయంత్రానికి వస్తుందట. ముప్పై ఏళ్ల నుంచి మాట్లాడుకోవాల్సినవి మీకు బోలెడున్నాయిగా."

మొదటి గేరులో కదిలింది. నల్లపొగ ఒక్కసారి మా ఇద్దరి మొహాల మీదా కొట్టింది. బావ దగ్గాడు గానీ ఉమ్మలేదు. మలుపు తిరిగేదాకా కారవాన్ వెనక లైట్లు చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత రోడ్డు పక్క ఇనుప కమ్మీ మీద చెరో కొసన కూర్చున్నాం. కాఫీ, ఎండుమాంసం అన్నీ కారవాన్‌తోనే వెళ్లిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. బావ మాటిమాటికీ చేతి గడియారం చూస్తున్నాడు. పదకొండున్నర. పదకొండూ నలభై. నేను నా ఫోను చూస్తున్నాను.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా నా ఫోను మోగింది.

"పెట్టాను" అంది అక్క. "నలభై ఒకటిలో నాలుగు చక్రాలూ పెట్టాను. బాసన్ వచ్చి డీజిల్ పికప్ చూసి నవ్వాడు. నవ్వనీ."

బావకు తల ఊపాను. ఆయన రెండు చేతుల్తో మొహం తుడుచుకున్నాడు. "అడుగు, మనల్ని సాయంత్రం ఎలా రమ్మంటుందో అడుగు" అన్నాడు మెల్లిగా.

"అక్కా, బండి రాగానే మేమిద్దరం వచ్చేస్తాం. గేటు దగ్గర చెప్పి ఉంచు."

"ఇవాళ పన్నెండు దాటితే గేటు తియ్యరు సారెల్. కమిటీ రూలు. కావాలంటే మీ బావనడుగు."

ఫోను పెట్టేసింది.