మూసుకుపోయే గ్రాఫు

వనజకు రాజ్యశ్రీ మీద అసూయ మొదటిరోజే పుట్టింది. భద్రాచలంలో జ్వరాల సర్వే చేసే ఆ చిన్న సంస్థ ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయితే తను కూర్చోవాలని వనజ చాన్నాళ్లుగా కాచుకుని ఉంది. అది ఖాళీ అయ్యీ కాగానే, కొత్తగా చేరిన రాజ్యశ్రీ వస్తూనే బ్యాగు అక్కడ పెట్టింది.  వనజ తన పాత కుర్చీలోనే సర్దుకుంది.

వనజది దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక కోయ గుంపు, చిన్న గూడెం. తల్లి జంపక్క ఇప్పపువ్వు ఏరి, మిరపతోటల్లో కూలికి పోయి డిగ్రీ దాకా చదివించింది. సర్వే అంకెలను గ్రాఫులుగా గీసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌ను వనజ ఆఫీసులో చేరాక, సొంతంగా, తప్పులు చేసుకుంటూ నేర్చుకుంది. రాజ్యశ్రీది సత్తుపల్లి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న ఇల్లు. అదే సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాదులో ఎమ్మెస్సీలో పాఠంగా చదువుకుంది. వనజను నోరారా అక్కా అని పిలిచేది. ఆ పిలుపులో తప్పు పట్టడానికి ఏమీ దొరక్క వనజకు ఇంకా మండేది.

వానలు పడ్డాక ఆఫీసు పెద్ద ప్రభాకర్ ఒక పని చెప్పాడు. ఏ గుంపులో మలేరియా ఎంత తగ్గిందో ఊళ్లలో మీటింగులు పెట్టి చూపించాలి, గ్రాఫు మీద పేర్లు తెలుగులోనే ఉండాలి అన్నాడు. వనజ సంబరంగా కూర్చుంది. గ్రాఫు విండో తెరుచుకుంది, గీతలు పడ్డాయి, పేర్లు పడబోతుండగా విండోతో పాటు సాఫ్ట్‌వేరే మూసుకుపోయింది. మళ్లీ తెరిచింది, మళ్లీ పోయింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా ఎక్కించింది. ఎన్ని చేసినా అంతే.

అటు రాజ్యశ్రీ కంప్యూటర్లో అదే గ్రాఫు నిక్షేపంగా తెరుచుకుంది.

"నీ దాంట్ల కాకపోతే రాజ్యశ్రీకి ఇచ్చెయ్ వనజా. జల్దీ అయిపోతది" అన్నాడు ప్రభాకర్.

ఇచ్చింది. ఫైలు పంపింది. తన గుంపు పేరు మీద గీత ఎవరో సత్తుపల్లి పిల్ల గీయడమేందని ఆ రోజంతా లోలోపల ఉడికింది. మధ్యాహ్నం రాజ్యశ్రీ వచ్చి, గోడ మీది దోమతెరల పోస్టర్ చూపించి, దాని మీది అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, ఆ ఫాంట్ ఇస్తావా అక్కా అని అడిగింది. ఆ పోస్టర్ వనజ వేరే ప్రోగ్రాంలో చేసింది. ఫాంటేమో పెళ్లిపత్రికలు కొట్టే దుకాణం నుంచి తెచ్చుకుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చింది.

పని పోయింది గానీ పట్టుదల పోలేదు. ఆ పిల్ల దాంట్లో నడిచేది నా దాంట్లో ఎందుకు నడవదని వనజ మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. అంకెలు తీసేసి ఉత్త గీత గీసింది. విండో నిలిచింది. అంకెలు పెట్టింది, నిలిచింది. పేర్లు ఇంగ్లీషులో రాసింది, నిలిచింది. తెలుగులో రాయగానే మూసుకుపోయింది. అయితే తెలుగుతోనా తంటా? ఈసారి తెలుగే ఉంచి ఫాంట్ మార్చి చూసింది. పేర్లు చక్కగా పడ్డాయి. అప్పటిదాకా పేర్లకు పెట్టింది దుకాణం నుంచి తెచ్చిన ఫాంటే; పోస్టర్‌కు పనిచేసినా ఆ ఫైలు ఎక్కడో చెడిపోయి ఉంది. దాన్ని తీసేయగానే అన్నీ తెరుచుకున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, అదే ఫాంట్ ఇప్పుడు రాజ్యశ్రీ దగ్గర ఉందని.

అనుకున్నట్టే కిటికీ పక్క నుంచి అయ్యో అని వినిపించింది. రాజ్యశ్రీ ఆ ఫాంటుతో గ్రాఫును సింగారించబోతే విండో మూసుకుపోయింది. వనజ తల తిప్పలేదు. రాజ్యశ్రీ తెరవడం, అది పోవడం, ప్రభాకర్ వచ్చి నిలబడి వెళ్లడం, అన్నీ చెవులతోనే చూసింది. కడుపులో చల్లగా ఉంది. చెప్పొద్దనుకుంది.

కాసేపటికి రాజ్యశ్రీ తనలో తను మాట్లాడుకోవడం వినిపించింది. పేర్లు తీసేస్తే నిలుస్తోందే అంటోంది.  ఇంకొక్క మెట్టు ఎక్కితే ఆ పిల్లే కనిపెడుతుంది. కుర్చీ పోయింది, గ్రాఫు పోయింది, కనిపెట్టిన పేరు కూడా దానికేనా అనిపించింది వనజకు. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఫాంట్ తీసెయ్. నేనిచ్చిందే, అది ఖరాబైంది" అంది.

రాజ్యశ్రీ తీసేసింది. పేర్లు పడ్డాయి. థాంక్స్ అక్కా అని చెయ్యి పట్టుకుంది. వనజ మెల్లగా చెయ్యి తీసుకుంది.

మొదటి మీటింగ్ వనజ గుంపులోనే పెట్టారు. రాజ్యశ్రీ తెర మీద గ్రాఫు చూపించి, ఏ నెలలో జ్వరాలు ఎట్లా తగ్గాయో విడమర్చి చెప్పింది. చివర్లో ఒక్కమాట కలిపింది.

"ఇది నేను గీశాను గానీ, మీ వనజక్క లేకపోతే తెరుచుకునేదే కాదు."

అందరూ వనజ వైపు తిరిగారు. కోరుకున్న పేరు వచ్చింది. కానీ అది రాజ్యశ్రీ నోటి నుంచి, రాజ్యశ్రీ ఇస్తే వచ్చింది. పక్కనే ప్రభాకర్, ఎదుటోళ్ల గొప్ప గిట్ల చెప్పేటోళ్లు ఎక్కడుంటరని మురిసిపోతున్నాడు. తను ఇచ్చే చోట ఒక్కసారన్నా నిలబడాలనిపించింది వనజకు. ఆ జాగా కూడా ఆ పిల్లదే అయింది.

మీటింగ్ అయ్యాక జంపక్క వచ్చి రాజ్యశ్రీ గడ్డం పట్టుకుని కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. ఎంత మంచి మనసు తల్లీ నీది, నా బిడ్డకు తోడబుట్టినదానివే అనుకుంటా, అన్నం తిని పో అంది. రాజ్యశ్రీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"అమ్మ ఏమంటున్నారక్కా?"

వనజ తల్లి ముఖం చూసింది. తల్లి ఇంకా ఆ పిల్లనే చూసి నవ్వుతోంది.

"అన్నం తిని పొమ్మంటున్నది" అంది.

రాజ్యశ్రీ సంతోషంగా చెప్పులు విడిచి లోపలికి నడిచింది. వనజ వెనకే వెళ్లి ఆమెకు పళ్లెం కడిగి పెట్టింది.